రెండో టేబులు దురాయి

కంపెనీ వాళ్లు ఆడవాళ్ల మరుగుదొడ్లో గులాబీరంగు సబ్బు పెట్టిన రోజే మస్తానమ్మకు అనుమానం తగిలింది. ఆరేళ్లుగా ఆమె ఆ ప్లాంటులో రొయ్యలు ఒలుస్తోంది. ఆరేళ్లలో సబ్బు అడగని నెల లేదు, ఇచ్చిన నెలా లేదు. ఇప్పుడు అడక్కుండానే సబ్బు, పక్కన తెల్ల తువ్వాలు, గోడ మీద నవ్వుతున్న చేప బొమ్మ, దాని కింద ‘మన సముద్రం, మన భవిష్యత్తు’ అని పెద్ద అక్షరాలు. ప్రహరీ అవతల కాలవ గట్టున మడ మొక్కలు కూడా నాటారు. వాటికి బిందెతో నీళ్లు పోస్తూ మేనేజరు ఫొటో దిగాడు. ఉప్పునీళ్లలో పెరిగే మొక్కకు మంచినీళ్లు పోసే మనిషిని చూశాక ఇంకేం నమ్మాలి?

ఆ ప్లాంటు చిట్టమూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది. బోర్డు మీద పేరు బారెడు పొడవుంటుంది కానీ చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని పలికేవాళ్లు లేరు. అందరికీ అది నీలం గేటు కంపెనీ. పెట్టుబడి ఏదో దేశానిది, రొయ్యలు తినేది ఇంకేదో దేశం. ఒలిచే చేతులు మాత్రం గుల్లపాళెంవి. పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే ఆ ఊళ్లో మగవాళ్లు వలలకు పోతే ఆడవాళ్లు నీలం గేటుకు పోతారు. రెండో పీలింగ్ టేబులు మీద నలభై ఒక్క మంది. వాళ్ల మీద మేస్త్రి మస్తానమ్మ.

మేస్త్రి అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. అందరితో పాటు తనూ ఒలవాలి, అందరి తిట్లూ తనే తినాలి. అయినా ఆ పేరంటే మస్తానమ్మకు ఇష్టం. ఊళ్లో కులపెద్దలు కూర్చున్న చోటికి ఆడదాన్ని రానివ్వరు. ఈ టేబులు దగ్గర మాత్రం ఆమె మాటే మాట.

సబ్బు వచ్చిన వారానికే ఫేబీ వచ్చింది.

కోట నుంచి వచ్చిందట. ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. ఇంటర్ దాకా చదివింది. చదువుకున్న పిల్ల ఐసు నీళ్లలో చేతులు పెట్టడానికి ఎందుకొస్తుంది? అది మొదటి అనుమానం. పేరు చెప్పి, ఊరు చెప్పి, పెళ్లయి ఆర్నెల్లయిందని చెప్పి ఊరుకుంది. మొగుడు రూఫస్ నాయుడుపేటలో లారీ మీద పోతాడట. అంతకుమించి నోరు విప్పలేదు. గోడ మీద కాగితాలన్నీ నిలబడి చదివేది. సరుకు కొనే కంపెనీ అంటించిన కాగితం మీది ఫోన్ నంబరును తన ఫోన్లో ఎక్కించుకోవడం మస్తానమ్మ కళ్లారా చూసింది. అన్నాల వేళ అందరూ క్యారేజీలు విప్పుకుని కూర్చుంటే ఈ పిల్ల ఫోను పట్టుకుని జనరేటరు షెడ్డు వెనక్కి పోయేది. మధ్య మధ్యలో కూడా ‘ఇప్పుడే వస్తా అక్కా’ అని మాయమయ్యేది.

“ఎవురితో మాట్టాడతుండాదో!” అంది పక్కనున్న రోజారమణి.

“పైవోళ్లతో. ఇంకెవురితో?” అంది మస్తానమ్మ.

అంతవరకైతే చూసీచూడనట్టు పోయేదే. కానీ ఆ టేబులు మీద దాచాల్సిన మనిషి ఒకతి ఉంది. మస్తానమ్మ అన్న కూతురు స్వర్ణ. ఏడో నెల.

దాచడమేమిటి అని ఎవరైనా అడగొచ్చు. రెండేళ్ల కిందట ఏసుమణి అనే ఆమె మూడో నెలలో ధైర్యంగా ఆఫీసుకు పోయి చెప్పింది. ‘కంగ్రాట్స్’ అన్నారు. మర్నాడు గేటు దగ్గర ఆమె కార్డు పెడితే పచ్చలైటు వెలగలేదు. మిషను చెడిపోయిందన్నారు. వారం తర్వాత మిషను బాగయింది కానీ ఏసుమణి కార్డుకు మాత్రం అది బాగవలేదు. అప్పటి నుంచి ఆ టేబులు మీద ఎవరూ ఆఫీసులో నోరు విప్పింది లేదు. ఒకామె ఎనిమిదో నెల దాకా దాచి, జ్వరమని సెలవు పెట్టి, కని, ఇరవై రోజులకే మళ్లీ వచ్చి నిలబడింది.

స్వర్ణకు ఆ గతి పట్టకూడదని మస్తానమ్మ పట్టుదల. ఆ పిల్లకు ఇంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మొగుడు పెంచల్ వలకు పోతాడు కానీ, ఎండలకు సరస్సు ఎండితే నాలుగు నెలలు వాడికి పనుండదు. ఈ ఉద్యోగం ఉంటేనే పిల్ల కడుపున ఇంత పడేది. పురిటికి ముందో వెనకో జీతంతో సెలవు రావాలని చట్టం ఉందట. ఉంటే ఉండొచ్చు. చట్టం గేటు లోపలికి వచ్చేదాకా ఉద్యోగం పోకుండా చూడటమే మస్తానమ్మ పని. అందుకని స్వర్ణకు రెండు సైజులు పెద్ద ఏప్రాను తగిలించింది. కెమెరాకు అడ్డంగా ఉండే స్తంభం పక్కన నిలబెట్టింది. ఐసు బుట్టలు ఆ పిల్ల చేత మోయించకుండా తలా ఒకరు వంతు మోశారు.

ఒకరోజు స్వర్ణ మరుగుదొడ్డి నుంచి వచ్చి మేనత్త చెవిలో ఊదింది. “అత్తా, ఆ కోట పిల్ల నన్నడిగింది. ఎన్నో నెలక్కా అని.”

మస్తానమ్మ చేతిలో రొయ్య జారి నీళ్లలో పడింది. “నువ్వేం జెప్పినావు?”

“వొళ్లొచ్చింది, అంతే అన్నా. నమ్మినట్టు లేదు. ఈడ నెలలు నిండినోళ్లను ఏం జేస్తారక్కా, ఎవురికి జెప్పాల, సెలవిస్తారా అని ఒకటే అడుగుడు.”

ఇంకేం కావాలి? సెలవు గురించి అడిగి, పేర్లు రాబట్టి, పైకి అందించడానికే దాన్ని పెట్టారు. మస్తానమ్మకు ఒళ్లంతా మండింది. ఆ పూట ఫేబీ పలకరిస్తే పలకలేదు.

రెండు రోజుల తర్వాత హెచ్ఆర్ ప్రసాద్ ఆమెను తన గదికి పిలిపించాడు. నెల్లూరు నుంచి రోజూ బైకు మీద వచ్చే కుర్రాడు. ఎవరినీ గట్టిగా అనడు. అనకపోవడం వల్లనే అతనంటే అందరికీ భయం.

“సోమవారం ఆడిట్ ఉంది మస్తానమ్మా. మన సరుకు కొనే కంపెనీ హైదరాబాదు నుంచి మేడంను పంపిస్తోంది. పర్యావరణం, పనివాళ్ల బాగోగులు, అన్నీ చూస్తుంది. పాసైతే సర్టిఫికెట్టు. మీ టేబుల్లో గర్భంతో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పు. కూర్చునే పనికి మారుస్తాం.”

నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వు చూశాక మస్తానమ్మకు ఏసుమణి గుర్తొచ్చింది.

“ఎవురూ లేరు సార్.”

“ఖాయమా?”

“ఖాయం సార్.” అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ గది దాకా వచ్చిన మనిషి ఉత్త చేతులతో పోవడం దేనికని ఆమెకు తోచింది. “సార్, ఆ కోట పిల్ల ఫేబీ ఉండాదే, ఆ పిల్ల పనికి రాదు. గంటకోతూరి బయటికి పోతాది. పోయొచ్చి చేతులు కడగతాదో లేదో. ఆడిట్ నాటికి అట్టాంటిది ఉంటే మీకే మాటొస్తాది.”

చేతులు కడగదన్నది అబద్ధం. ఫేబీ రెండు జతల గ్లౌజులు వేసుకుని, అందరికంటే ఎక్కువసార్లు కడిగేది. ప్రసాద్ ఒక కాగితం రాసి ముందుకు జరిపాడు. మస్తానమ్మ సంతకం పెట్టింది. శనివారం పొద్దున ఫేబీ కార్డుకు పచ్చలైటు వెలగలేదు.

గేటు అవతల ఆ పిల్ల చాలాసేపు నిలబడింది. కార్డును పైటకొంగుతో తుడిచి తుడిచి మళ్లీ మళ్లీ పెట్టింది. అది చూసి టేబులు మీద ఒకరిద్దరు అయ్యో అన్నారు. మస్తానమ్మ మాత్రం గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే ఆమె దురాయి వేసింది. గుల్లపాళెంలో దురాయి అంటే పిల్లకాయలక్కూడా తెలుసు. ఫలానా రోజు దాకా సరస్సులో ఎవరూ వల వేయకూడదనో, ఫలానా సంగతి బయటివాళ్లకు చెప్పకూడదనో కులపెద్దలు కట్టడి చేస్తారు. ఊరంతా ఒకటే మాట మీద ఉండాలి. మీరిన ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, చావుకీ పెళ్లికీ పోరు. దురాయి వేయడం మగవాళ్ల పని. ఆడది వేయడం ఊరు పుట్టాక ఎరగరు. అయినా ప్లాంటు ఆటోలు ఆగే చోట, ఎండుచేపల వాసన మధ్య, నలభై మందిని చుట్టూ నిలబెట్టి మస్తానమ్మ వేసింది.

“సోమారం మేడం ఎవుర్ని పిల్చినా ఒకటే మాట. మా టేబుల్లో కడుపుతో ఎవురూ లేరు, మాకే ఇబ్బందీ లేదు. తప్పి ఇంకో మాట వచ్చిందంటే, ఆమెతో ఈ టేబుల్లో ఎవురూ పలకం, ఆమె బుట్ట ఎవురూ ముట్టం. ఇది దురాయి.”

స్వర్ణ మేనత్త చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో ఎంత నమ్మకం ఉందో మస్తానమ్మకు తెలిసింది. అదే ఆమెకు కొండంత బలం.

సోమవారం స్వర్ణను ఇంటి దగ్గరే ఉంచారు. ఆడిట్ మేడం యాభై ఏళ్ల మనిషి, నూలు చీర కట్టుకుని చేతిలో పుస్తకంతో వచ్చింది. ప్రసాద్‌ను బయటికి పంపి తలుపు వేసి, ఎనిమిది మందిని ఒక్కొక్కరినే పిలిచింది. అందరికంటే చివర మస్తానమ్మ.

“కూర్చోండి. నలభై మంది ఆడవాళ్లు. రెండేళ్లుగా ఒక్కరు కూడా గర్భవతి కాలేదా?”

“మా టేబుల్లో కడుపుతో ఎవురూ లేరు, మాకే ఇబ్బందీ లేదు మేడం.”

మేడం కలం కింద పెట్టింది. “మీకంటే ముందు వచ్చిన ఏడుగురూ ఇదే మాట చెప్పారు. ఒక్క అక్షరం మారలేదు. మీకు నేర్పించారా? ఎవరైనా బెదిరించారా?”

“మమ్మల్నెవురు బెదిరిస్తారు మేడం?”

“చూడండమ్మా, నేను కంపెనీ మనిషిని కాదు. గర్భవతులుంటే కూర్చునే పని ఇవ్వాలి, జీతంతో సెలవివ్వాలి, తిరిగొస్తే పనివ్వాలి. ఇవ్వకపోతే నేను సంతకం పెట్టను. నేను సంతకం పెట్టకపోతే ఈ సరుకు ఓడ ఎక్కదు. ఒక్క పేరు చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను.”

ఆ మాట నిజమైతే ఎంత బాగుండునో అని మస్తానమ్మ మనసు ఒక్క క్షణం ఊగింది. స్వర్ణ పేరు నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఫేబీ కూడా ఇట్లాగే మెత్తగానే అడిగింది కదా! ఒక్క పేరు చెప్పండి అని అడిగినవాళ్లే ఆ పేరు కొట్టేయడం చూసిన మనిషి ఆమె.

“లేరు మేడం.”

మేడం నిట్టూర్చి, రాసిన కాగితం మీద సంతకం తీసుకుని, చిన్న కార్డు చేతిలో పెట్టింది. ఎప్పుడైనా ఫోన్ చేయమంది. ఎనిమిది కార్డులనూ మస్తానమ్మే వసూలు చేసి, చింపి, రొయ్య పొట్టు పోయే కాలవలో కలిపేసింది.

సర్టిఫికెట్టు వచ్చింది. గేటుకు బ్యానరు కట్టారు. అందరికీ మైసూరుపాకు పంచారు. మేనేజరు మళ్లీ మడ మొక్కల దగ్గర ఫొటో దిగాడు. సగం మొక్కలు అప్పటికే ఎండిపోయాయి. ఎండనివాటి పక్కనే నిలబడ్డాడు. రెండో టేబులు ఆడవాళ్లు మైసూరుపాకు తింటూ, కంపెనీ కళ్లు కప్పామని కడుపుబ్బ నవ్వుకున్నారు. మస్తానమ్మ ఎంత తెలివిగలదో ఊళ్లో మగవాళ్లు కూడా చెప్పుకున్నారు.

మూడు వారాలు తిరిగాయి. స్వర్ణకు ఎనిమిదో నెల పడింది. ఇక ఏ ఏప్రానూ ఆ పొట్టను దాచే పరిస్థితి లేదు. సెలవు చీటీ రాయించాలని అనుకుంటుండగానే, ఒక పొద్దున ఆ పిల్ల కార్డుకు పచ్చలైటు వెలగలేదు.

మస్తానమ్మ ప్రసాద్ గదిలోకి పరిగెత్తింది. “సార్, స్వర్ణ పేరు ఎందుకు తీసేసినారు?”

“ఏ స్వర్ణ?”

“మా స్వర్ణ సార్! మూడేండ్లుగా ఈడనే జేస్తుండాది!”

ప్రసాద్ తలుపు దగ్గరగా వేశాడు. ఈసారి నవ్వలేదు. “కెమెరాలో చూశాను. ఎనిమిదో నెల. మూడు వారాల కింద మీరంతా ఎవరూ లేరని సంతకాలు పెట్టారు. ఇప్పుడు నేను ఎనిమిదో నెల మనిషిని చూపించి సెలవిస్తే, ఈ పొట్ట మూడు వారాల్లో వచ్చిందా అని ఆ మేడం అడుగుతుంది. సర్టిఫికెట్టు పోతుంది. అందుకని ఆ అమ్మాయి ఇక్కడ ఎప్పుడూ పని చేయలేదు. అంతే.”

“నిజం జెప్తా సార్. ఇప్పుడు జెప్తా. అప్పుడు మేం అబద్ధం జెప్పినాం.”

“అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఎవరు నమ్ముతారు మస్తానమ్మా?” అతని గొంతు తగ్గింది. “ఆ రోజు నేను అడిగాను కదా. నిజంగానే అడిగాను. కూర్చునే పనికి రెండు చోట్లు ఖాళీ పెట్టి ఉంచాను కూడా.”

నిజంగానే అడిగాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. గేటు బయట స్వర్ణ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. “నువ్వుండావు గదా అత్తా” అంది, మేనత్తను చూడగానే. మస్తానమ్మకు ఆ మాట చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఆ రాత్రంతా ఆలోచిస్తే ఆమెకు ఒక్కటే దారి కనబడింది. ఆడిట్ మేడంకు చెప్పాలి. నంబరున్న కార్డులు చూస్తే కాలవలో పోసింది. అదే నంబరున్న గోడ మీది కాగితాన్ని ఆడిట్ అయిపోగానే కంపెనీవాళ్లు పీకేశారు. పైగా టేబులు మీద ఎవరు చెప్పినా, ఆ అబద్ధంలో కలిసినవాళ్లే చెప్పినట్టు. ఆ అబద్ధంలో కలవని మనిషి, స్వర్ణ కడుపుతో ఉండటం కళ్లారా చూసిన మనిషి ఒక్కతే ఉంది. గోడ మీది నంబరు ఆ మనిషి ఫోన్లో ఉంది. గూఢచారో ఎవరో, కాళ్లు పట్టుకునైనా అడగాలి.

ఆదివారం మధ్యాహ్నం కోటలో ఆటో దిగి, చర్చి వీధిలో వాకబు చేసింది. ఫేబీ తల్లి రెబెక్కమ్మ అప్పుడే ప్రార్థన నుంచి వచ్చినట్టుంది, తెల్లచీర కూడా మార్చుకోలేదు. ప్లాంటు నుంచి వచ్చానని చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది.

“ఇంకా ఏం మిగిలిందని వచ్చినారమ్మా?” అని, లోపలికి చూసి, “ఫేబీ, నీ కోసమే” అంది.

ఫేబీ ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని, ద్వారబంధం పట్టుకుని నెమ్మదిగా బయటికి వచ్చింది. ఐదో నెల పొట్ట.

మస్తానమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది. గంటకోసారి బయటికి పరుగులు. అన్నం వాసన తగలకుండా షెడ్డు వెనక్కి పోవడం. ఎన్నో నెలక్కా. ఏం చేస్తారక్కా. ఎవరికి చెప్పాలక్కా. నలుగురిని కన్న ఆడది, ఊళ్లో ఎవరికి నెల తప్పినా నడక చూసి చెప్పే ఆడది, కళ్లెదుటే వాంతులకు బయటికి పరుగెత్తిన పిల్లలో గూఢచారిని చూసింది.

“నీకు... అప్పుడే?” అంది.

“నాలుగో నెల నడస్తుండాది అప్పుడు. స్వర్ణక్కను చూసి ధైర్యం వచ్చింది. ఆమె ఎట్టా నెట్టుకొస్తుండాదో తెలుసుకుందామని అడిగినా. ఎవురూ చెప్పలా.”

“గోడ మీద నంబరు రాసుకుంటివి గదా, అందుకని నేను...”

“సెలవు వస్తాదేమో అడుగుదామని రాసుకున్నా. ఈలోపే తీసేసినారు. చేతులు కడగనంట.” ఫేబీ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపును బట్టి, ఆ కాగితం మీద సంతకం ఎవరిదో ఈ పిల్లకు తెలుసునని మస్తానమ్మకు అర్థమైంది.

“మేమంతా దురాయి వేసుకున్యాం బిడ్డా. ఎవురికీ జెప్పకూడదని. స్వర్ణ కోసరం.”

“అదీ తెలిసింది, తర్వాత. నాతో ఒక్కమాట చెప్పుంటే నేనూ మీలో కలిసుండేదాన్ని కదక్కా. నాకు మాత్రం దాచుకోవాల్సింది లేదా?”

రెబెక్కమ్మ మొహం తిప్పుకుంది. మస్తానమ్మ అరుగు మీద కూలబడి, స్వర్ణ సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. గేటు కార్డు సంగతి, ప్రసాద్ అన్న మాటలు, మేడం ఇచ్చిన కార్డులు చింపింది తనేనని, అన్నీ చెప్పింది. ఏమీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఏడుపు ఆగలేదు.

ఫేబీ లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. నంబరు నొక్కి, అవతల రింగ్ అవుతుండగానే ఆమె చేతిలో పెట్టింది.

“సాచ్చిం నేను జెప్తా. ముందు మాట్టాడేది మాత్రం నువ్వే.”

చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ఆదివారం కదా అని మస్తానమ్మ తీసేయబోయేంతలో గొంతు వినిపించింది. అది ఆ మేడం గొంతే.

“మేడం, నేను నీలం గేటు కంపెనీలో రెండో టేబులు మేస్త్రిని, మస్తానమ్మను. ఆ పొద్దు నేను మీకు అబద్ధం జెప్పినా. తక్కిన ఏడుగురి చేతా అదే జెప్పించినా.”

అవతల కాగితం తిరగేసిన చప్పుడు. “ఎవరి గురించి చెప్తున్నారు? పేరు చెప్పండి.”

మస్తానమ్మ ఫేబీ వైపు చూసింది. ఆ పిల్ల చూపు తిప్పలేదు.

“ఇద్దురుండారు మేడం, రాసుకోండి. ఒకామెను కంపెనీ తీసేసింది. ఇంకొకామెను నేను తీసేపిచ్చినా. ముందు ఆ పిల్ల పేరు రాసుకోండి.”